ఎవరికీ ఇవ్వని మేక

వరప్రసాదరావు అయోమయం మనిషి. చెడ్డవాడు కాదు, తెలివి తక్కువవాడూ కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక షావుకారు కొట్లో కాటా దగ్గర నిలబడి పొద్దస్తమానం బెల్లం దిమ్మలు తూస్తుంటాడు. ఇన్నేళ్ళలో అటు రైతు చేత గానీ, ఇటు షావుకారు చేత గానీ మాట పడలేదు. కాటా ఎప్పుడూ ఒకటే అంకె చూపిస్తుంది కాబట్టి అక్కడ ఆయనకు చిక్కు లేదు. రెండోది ఏదైనా కళ్ళ ముందుకొస్తేనే తంటా. టిఫిన్ కొట్లో ఇడ్లీయా, దోసా అని అడిగితే దోసె అంటాడు. దోసె వచ్చాక పక్కవాడి ఇడ్లీకేసి చూస్తూ తింటాడు. భార్య పుష్పకుమారి ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టి, ఇంట్లో ఏ విషయంలోనూ ఆయనకు రెండో దారి లేకుండా చేసేసింది. ఆయనా హాయిగానే ఉన్నాడు.

అలాంటి మనిషిని నూకాలమ్మ జాతర నెలలో మాంసం కొట్టుకి పంపింది చూడండి, అక్కడ పొరపాటు పడింది ఆవిడ.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు షైనీ బాలింత. కాన్పు చాలా కష్టమైంది. బిడ్డ బాగానే పుట్టాడు గానీ తల్లికి రక్తం ఆగలేదు. ఆసుపత్రి వాళ్ళు ఆశ వదులుకోమనడం ఒక్కటే తక్కువ. ఎలాగో బతికి పుట్టింటికి వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ తిండి లేదు. ఏది పెట్టినా వాసనంటుంది, ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక కక్కేస్తుంది. పాలు చాలక బిడ్డ ఏడుస్తుంటే వాడితో పాటు తనూ కూర్చుని ఏడుస్తుంది. మందులు ఎన్ని రాసినా డాక్టరమ్మ చివరికి అనేది ఒకటే, ముందు తిననివ్వండి, తింటేనే లేస్తుంది అని. ఆ తినడమే జరగడం లేదు. మార్కెట్లో దిమ్మ తూస్తున్నా వరప్రసాదరావుకి సన్నబడిపోయిన కూతురి మణికట్టే కనపడుతోంది. ఈ పిల్ల మనకు దక్కుతుందా అన్న భయం ఆయన్ని వదలడం లేదు.

అలాంటిది ఆ రోజు పొద్దున్న తనంతట తనే నోరు విప్పి అడిగింది.

"నాన్నా, మేక కాళ్ళ పులుసు తినాలనుంది."

తండ్రికి చెప్పులు వేసుకోవడం కూడా గుర్తు రాలేదు. గుమ్మం దాటబోతుంటే పుష్పకుమారి వెనక్కి పిలిచింది. ఆవిడ వాళ్ళ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ మాటంటే పాస్టరు గారు కూడా ఒక క్షణం ఆగి వింటారు.

"జాతర నెల. ఊళ్ళో మేకలన్నీ అమ్మవారి కాడికెళ్ళి వచ్చినవే. అలాంటి మాంసం మనింట్లో ఉడకదు, చెప్తున్నా."

"అయితే అడిగి తెత్తాను."

"అడక్కు! మొన్న ఆదివారం ప్రసంగంలో అయ్యగారు ఏం చెప్పేరు? కొట్లో అమ్మేది అడక్కుండా కొనుక్కు తింటే తప్పు లేదన్నారు. ఫలానా దేవుడికిచ్చిందని తెలిసేక తింటేనే తప్పు."

"సరే, అడక్కుండానే కొనేత్తాను."

"అలాగని ఏది పడితే అది తెచ్చీకు. ఎవరికీ ఇవ్వనిదే చూసి తే."

"అడక్కుండా ఎలాగ తెలుత్తాది?"

"అక్కడే నీ తెలివి చూపించాల" అని సంచీ చేతిలో పెట్టింది పుష్పకుమారి.

అలాంటి తెలివొక్కటే ఆయన దగ్గర లేని సరుకు. అడగకూడదు, తెలుసుకోవాలి. తెలిస్తే కొనకూడదు, తెలియకపోతే కొనొచ్చు. మరి తెలియనప్పుడు అది ఇవ్వనిదని ఎలా తెలుస్తుంది? గవరపాలెం పోయే దారి పొడుగునా ఈ లెక్క వేసుకుంటూ నడిచి, ఒక ఆటోకింద పడబోయి, ఆటోవాడి చేత చీవాట్లు తిని, చివరికి సింహాచలం కొట్టు చేరాడు.

సింహాచలం మేకపోతు తప్ప ఇంకోటి కొయ్యడు. తోలు ఒలవకుండా మంట మీద కాల్చి, గీకి, పసుపు పట్టించి కొక్కేనికి వేలాడదీస్తాడు. కాల్చిన మాంసం రుచి మరిగినవాళ్ళు ఊరి ఆ చివర నుంచి కూడా వస్తారు. కోడలు ధనశ్రీ వచ్చాక కొట్టు సగానికి సగం మారిపోయింది. ఒక పక్క మామగారి చింతమొద్దూ కత్తీ, రెండో పక్క కోడలి అద్దాల బీరువాలు. వాటిలో మసాలా పట్టించిన ముక్కలు, ఖీమా ఉండలు, మటన్ పచ్చడి సీసాలు, పొడుగ్గా చేతివేళ్ళలా ఉండే సాసేజీలు. ఒకే కప్పు కింద రెండు కొట్లు. వరప్రసాదరావుకి ఇది కూడా ఇబ్బందే. ఏ పక్కకి వెళ్ళాలో తెలియక మధ్యలో నిలబడ్డాడు.

ముందు కళ్ళకి పని చెబుదామనుకున్నాడు. అమ్మవారికిచ్చిన మేకైతే పసుపు ఉంటుంది కదా, పసుపు లేనిది చూసుకుంటే సరిపోతుంది. తల ఎత్తి చూస్తే కొక్కేలకున్న మేకలన్నీ పచ్చగా నిగనిగలాడుతున్నాయి. కాల్చిన ప్రతి మేకకీ సింహాచలమే పసుపు పూస్తాడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బొట్టు చూద్దామా అంటే తలకాయలు ఎక్కడో లోపల ఉన్నాయి. తలకాయలు చూపించమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే అడిగినట్టే.

"రండి ప్రసాదరావుగోరూ, ఏటి కావాలి?" అన్నాడు సింహాచలం కత్తి తుడుచుకుంటూ.

"కాళ్ళు. నేనేదీ అడగను సింహాచలం. నువ్వు కూడా ఏదీ చెప్పకు. కాళ్ళిచ్చీ, అంతే."

"ఏ మేక కాళ్ళండి? ఇయన్నీ జాతర..."

"ఆగు!" అన్నాడు వరప్రసాదరావు, రెండు చేతులూ అడ్డం పెట్టి. కొట్లో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. సింహాచలం కత్తి పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

జాతర అనేశాడు. జాతర అనడం అంటే చెప్పినట్టా, చెప్పనట్టా? మాట పూర్తి కాలేదు కాబట్టి చెప్పనట్టే అని తనకు తాను తీర్పు ఇచ్చుకుని, అద్దాల పక్కకి జరిగిపోయాడు వరప్రసాదరావు. ప్యాకెట్లో ఉన్నది ఎక్కడో కంపెనీలో చేసింది. దానికి ఏ అమ్మవారితోనూ సంబంధం ఉండదు. ఈ ఆలోచన ముందే ఎందుకు రాలేదా అని తన మీద తనకే జాలేసింది.

"క్లీన్ చేసిన కాళ్ళున్నాయి అంకుల్, ఫ్రీజ్ చేసినవి" అంటూ ధనశ్రీ మంచు కట్టిన ప్యాకెట్ ఒకటి తీసి ఇచ్చింది. ఆయన సంబరంగా అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక మూల ఆకుపచ్చ ముద్ర ఉంది. ఏదీ అడగకూడదన్న సంగతి మర్చిపోయి, "ఇదేటమ్మా?" అనేశాడు.

"అదా అంకుల్, కోసేటప్పుడు ప్రార్థన చేసి కోస్తారు. అలా కోసిన వాటికే వేస్తారు."

"ప్రార్థనా? మన చర్చోళ్ళా?"

"కాదంకుల్, సాయిబులు."

ప్యాకెట్ తీసిన చోటే పెట్టేశాడు. ఇది ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? అయ్యగారు దీని గురించి ఏమీ చెప్పలేదు. పుష్పకుమారికి ఫోను చేద్దామని జేబులో చెయ్యి పెట్టి, ఆవిడ ఏమంటుందో ఊహించుకుని, చెయ్యి బయటికి తీశాడు. లోకంలో ఎవరి పేరూ తలుచుకోకుండా కోసిన మేక ఒక్కటంటే ఒక్కటి ఉంటుందా అని మొదటిసారి అనుమానం వచ్చింది ఆయనకి. కూతురు మంచం మీద ఎదురు చూస్తుంటుంది. ఇన్నాళ్ళకి నోరు విప్పి అడిగిన పిల్లకి ఆ ఆకలి ఎంతసేపు నిలుస్తుంది? ఆలస్యమైతే మళ్ళీ వాసనంటుందేమో. ఏడుపొచ్చినంత పనైంది.

"బావా! నువ్వేటిక్కడ?"

లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చినవాడు సత్తియ్య. చీడికాడ దగ్గర చెరకు రైతు. ఎప్పుడో ఒక తుఫాను రోజున సత్తియ్య బెల్లమంతా మార్కెట్లో ఆరుబయట ఉండిపోతే, వరప్రసాదరావు ఎవర్నీ అడక్కుండా చర్చి పందిరికి తెచ్చిన టార్పాలిను లాక్కొచ్చి కప్పేశాడు. ఆయన జీవితంలో తడబడకుండా చేసిన పని అదొక్కటే కావచ్చు. ఆ రోజు నుంచి ఇద్దరూ బావా అంటే బావా. ఆ వరసన పుష్పకుమారి సత్తియ్యకి చెల్లెలు, షైనీ మేనకోడలు. షైనీ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ సొంత మేనమామలాగే వరండాలో పడి ఉన్నాడు సత్తియ్య.

"మా మేనకోడలు ఎలాగుంది? లెగిసి కూకుంటందా? నేనే మీ ఇంటికి వద్దామనుకుంతన్నాను బావా. ఇదుగో, ఈ మేకపోతుని సూసేవా, పొద్దున్నే దీన్ని..."

"చెప్పకు బావా!"

"ఏటి సెప్పకూడదు?"

"ఏదీ చెప్పకు. నీకు దండం పెడతాను. మేక గురించి ఒక్క ముక్క చెప్పకు."

సత్తియ్య తెల్లబోయి సింహాచలంకేసి చూశాడు. సింహాచలం నాకేమీ తెలీదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. సత్తియ్య నుదుట పెద్ద కుంకుమ బొట్టుంది, మెడకి పూలదండ రేకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. వరప్రసాదరావు వాటిని చూడకుండా ఉండడానికి పక్కనున్న పచ్చడి సీసాల మీద కళ్ళు పెట్టాడు. కళ్ళు అయితే తిప్పుకోగలం గానీ, తెలిసిపోయినదాన్ని ఏం చేస్తాం.

"సరే బావా, సెప్పన్లే" అని సత్తియ్య లోపలికి వెళ్ళి ఒక పొట్లం తెచ్చాడు. అరటాకులో చుట్టి, కవర్లో పెట్టి ఉంది. "నాలుగు కాళ్ళూ, కాలేజం. కోడలికి. ఇది తీసుకో, ఇంకేటీ మాటాడను."

ఎదురుగా కాళ్ళు. కూతురు అడిగిన కాళ్ళే. చెయ్యి చాపితే అందుతాయి. వరప్రసాదరావు చెయ్యి సగం దాకా వెళ్ళింది, పుష్పకుమారి మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. ఏదో మెత్తగా చెప్పాలనే అనుకున్నాడు. కంగారులో నోటికి వచ్చింది మాత్రం వేరే.

"వద్దు బావా. ఇది మాకు పనికిరాదు."

సత్తియ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొట్లం మొద్దు మీద పెట్టాడు. ఎండకి కమిలిన ఆ ముఖం ఒక్కసారిగా చిన్నబోయింది. "సింహాచలం, మిగతాది ఎవులికైనా ఇచ్చీ" అని, తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కనీసం ఒక ముక్కయినా ఇంటికి పట్టుకెళ్ళలేదు.

వరప్రసాదరావు అలాగే నిలబడిపోయాడు. పనికిరాదన్నందుకు కోపమొచ్చిందనుకుంటే అర్థముంది. మేక మొత్తం వదిలేసి వెళ్ళడమేమిటి? సత్తియ్య కోపదారి కాదు. ఏదో ఉంది. అదేమిటో సింహాచలానికి తెలుసు, ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఆడలా ఎల్లిపోయేడేటి సింహాచలం?"

సింహాచలం కత్తి కింద పెట్టాడు. "అడుగుతన్నారా? ఇందాకల సెప్పొద్దన్నారు. సెప్పమంటే సెప్తాను. సెప్పేక మల్లీ నన్ననకండి."

ఇది మామూలు చిక్కు కాదు. అడిగితే ఆ కాళ్ళు ఇంటికి పోవు, కూతురికి పులుసు లేదు. అడక్కపోతే సత్తియ్య ఇక ఆ ఇంటి గడప తొక్కడు. ఎటు చూసినా నష్టమే. ఈసారి పక్కన చెప్పేవాళ్ళెవరూ లేరు.

"చెప్పు" అన్నాడు.

"మీ అమ్మాయి గురించేనండి ఆ మేక. ఆసుపత్రిలో రక్తం ఆగలేదంట కదా, ఆయేల మొక్కీసేడంట. ఆళ్ళ మనవరాలి పుట్టెంట్రుకలకని పెంచుకున్న మేకండి అది. ఇంట్లో ఆడోళ్ళు గొడవెట్టుకున్నారంట, ఇనలేదు. మేనకోడలు బతికింది, నా మొక్కు తీర్సీయాల అన్నాడు. ముందు ఆ పిల్ల నోట్లో పడాలంట, ఆయెనకే ఆళ్ళింట్లో ముట్టుకోవాలంట. అందుకే మీరు వద్దనేసరికి ఆడూ పట్టుకెల్లలేదు."

ధనశ్రీ బిల్లు కొట్టడం ఆపేసింది. వరప్రసాదరావు మొద్దు మీది పొట్లంకేసి చూశాడు. పనికిరాదన్నాడు తను. ఆ మాట నాలుక మీద ఇంకా ఉన్నట్టే ఉంది, ఉమ్మేద్దామన్నా పోయేలా లేదు. పొట్లం తీసి సంచీలో పడేసుకుని బస్సుల కాంప్లెక్సు వైపు పరుగులాంటి నడక మొదలుపెట్టాడు.

దారిలో బుర్రలో ఒకటే రొద. ఇంతకీ పిల్లని బతికించింది ఎవరు? చర్చి అంతా కలిసి చేసిన ప్రార్థనా? ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళు వచ్చి ఇచ్చిన రక్తమా? డాక్టరమ్మ చెయ్యా? ఈ మేకా? వరసగా అన్నీ తూచి చూద్దామంటే, దేన్ని ఏ వైపు వెయ్యాలో తెలియలేదు. తనకు తెలిసిన కాటాలు దీనికి పనికొచ్చేవి కావు.

సత్తియ్య చీడికాడ బస్సు కోసం నిలబడి ఉన్నాడు. ఈయన్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. వరప్రసాదరావు క్షమాపణలు చెప్పే మనిషి కాదు, ఎలా మొదలుపెట్టాలో తెలియదు. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"పద బావా, ఇంటికి."

"వద్దు బావా. సెల్లెమ్మ బాధపడతాది. మీరు తినరన్న సంగతి నాకు తట్టనేదు, తప్పు నాదే."

"తప్పూ లేదు, ఏటీ లేదు. నువ్వు రాకపోతే నేనూ ఇక్కడే నిల్చుంటాను."

బస్సు వచ్చింది, వెళ్ళింది. ఇద్దరూ ఆటో ఎక్కారు.

పుష్పకుమారి గుమ్మంలోనే ఉంది. మొగుడి చేతిలో సంచీ చూసి ముఖం విప్పారింది. వెనకాల కుంకుమ బొట్టుతో దిగిన సత్తియ్యని చూసి ఆగింది.

"అడగలేదు కదా?" అంది భర్తతో, గొంతు తగ్గించి.

"అడిగేను" అన్నాడు వరప్రసాదరావు. ఆ తరవాత దాచడం చేతకాక, మొదటి నుంచి చివరి దాకా అంతా చెప్పేశాడు. జాతరన్న మాట దగ్గర తడబడ్డాడు, పనికిరాదన్న మాట దగ్గర ఆగిపోయాడు, మొక్కు సంగతి చెప్పేటప్పుడు మాత్రం భార్య కళ్ళలోకి చూస్తూనే చెప్పాడు. లోపల్నుంచి షైనీ, "నాన్నా, వచ్చేవా? దొరికేయా?" అని అడుగుతోంది.

పుష్పకుమారి సత్తియ్యకేసి తిరిగింది. ఆవిడ ముఖం ఎర్రబడింది. కోపమో, దుఃఖమో వరప్రసాదరావుకి పోల్చుకోవడం రాలేదు.

"ఆసుపత్రిలో మేమంతా ప్రార్థనలో ఉన్నాం కదన్నయ్యా. మా ప్రార్థన చాలదనుకున్నావా?"

సత్తియ్య గేటు బయటే ఉన్నాడు. లోపలికి అడుగు వెయ్యలేదు.

"ఆ మాట కాదు సెల్లెమ్మా. మీ చర్చోళ్ళందరూ ఆ వరండాలో కూకుని ఏటేటో అడుగుతన్నారు. నువ్వయితే గోడకి తలానించి, కళ్ళు మూసుకుని, పలకవు, ఉలకవు. నీ ప్రార్థన సూత్తే నాకే భయమేసింది. నాకలాగ అడగడం రాదు. ఊరికే నిల్సోలేకపోయేను. నాకొచ్చింది ఇదొక్కటే, సేసేసేను."

గుమ్మం పట్టుకున్న పుష్పకుమారి వేళ్ళు తెల్లబడ్డాయి. చర్చిలో అందరి ముందూ నిలబడి, ప్రార్థనతోనే నా బిడ్డ లేచిందని సాక్ష్యం చెప్పిన మనిషి ఆవిడ. ఆ రోజు వింటూ ఏడవనివాళ్ళు లేరు, వరప్రసాదరావు కూడా ఏడ్చాడు.

"నేనూ ఏం అడగలేదన్నయ్యా" అంది చివరికి. "కళ్ళు మూసుకున్నానంతే. ప్రార్థన చేత్తన్నానని అందరూ అనుకున్నారు. ఆ రాత్రంతా నాకు ఒక్క మాట రాలేదు. ప్రభువు పేరు కూడా నోటికి రాలేదు."

వరప్రసాదరావు నోరు తెరుచుకుని భార్యని చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషిని అలా ఎప్పుడూ చూడలేదు.

ఆవిడ రెండు మెట్లు దిగి వచ్చి ఆయన చేతిలోంచి సంచీ తీసుకుంది. పొట్లం విప్పి, అరటాకు తొలగించి, ఒక కాలు పైకెత్తి గిట్ట దగ్గర వేలితో రాసి చూసింది.

"బాగా కాల్చేడా, ఇంకా రోమం ఉందా?"

"బాగానే కాల్సేడు సెల్లెమ్మా, నేను దగ్గరుండి సూసేను."

"అయితే లోపలికొచ్చి కూర్చో. నీ మేనకోడలి నోట్లో పడేదాకా నువ్వు బస్సెక్కడానికి లేదు" అని పుష్పకుమారి కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి నడిచింది.